బర్రెకు చదివించిన కట్నాలు

అజీజ్‌నగర్ దాటి మొయినాబాద్ వైపు వస్తుంటే రోడ్డు పక్కన పెళ్లిళ్లు చేసే రిసార్టు ఒకటి ఉంటుంది. దాని ప్రహరీ వెనక, రేకుల షెడ్లలో మా జంతువుల షెల్టరు. కుంటి కుక్కలు, గుడ్డి కుక్కలు, ముసలి కుక్కలు, ఒక గాడిద, ఒక తెల్లావు, ఒక బర్రె. కుక్కలకు వండేది నేను. పెద్ద గుండిగలో నూకలు, కోడి మెడలు, క్యారెట్ ముక్కలు, ఇంత పసుపు వేసి ఉడకబెడతాను. ఉప్పు వేయకూడదు. జన్మంతా మనుషులకు వండిన చెయ్యి కదా, మొదట్లో ఉప్పు డబ్బా వైపే పోయేది. మనుషులకు ఎంత బాగా వండినా ఏదో ఒక వంక పెడతారు. ఇక్కడ కుక్కలు గిన్నె నాకి పక్కకు పోతాయి. నాకు ఈ ఉద్యోగమే నచ్చింది.

కుక్కలను షెల్టరు నడిపే మేడం తెచ్చింది. గాడిదను ఎవరో గేటుకు కట్టేసి పోయారు. బర్రె మాత్రం నాది.

మాది చేవెళ్ల పక్కన ఊరు. ఆయన పోయాక నాకు మిగిలింది ఒక ఇల్లు, ఒక బర్రె. మేపుకునే బీడంతా ప్లాట్లయింది. హద్దు రాళ్లకు పసుపు రంగు, ఎర్ర రంగు వేశారు, మధ్యలో గడ్డి మాత్రం వేయలేదు. బర్రె ఈనడం మానేసింది, పాలు లేవు. బేరగాడు వచ్చి దాని చుట్టూ తిరిగి, తొడ మీద చరిచి చూశాడు. కూరగాయలు చూసినట్టు చూశాడు. నేను అమ్మలేదు. ఆటోవాడు ఎవరో చెబితే, ట్రాలీలో ఎక్కించుకుని ఇక్కడికి తెచ్చాను. మేడం బర్రెను చూసి సరే అంది. తిరిగి పోదామంటే బర్రె నా వెనకే అరవడం మొదలుపెట్టింది. అప్పుడే వంటమనిషి మానేసి రెండు వారాలైందట. అలా నన్ను కూడా చేర్చుకున్నారు. వీళ్ల భాషలో చెప్పాలంటే నన్నూ రెస్క్యూ చేశారు.

మేడం సిటీ మనిషి. మంచిది. పురుగులు పట్టిన కుక్కను ఒళ్లో వేసుకుని పురుగులు తీస్తుంది. కానీ ముందు వీడియో తీస్తుంది, తర్వాత పురుగులు తీస్తుంది. ఎందుకని ఒకసారి అడిగాను. పురుగులు తీసేశాక తీస్తే డబ్బులు రావు అంది. మాట నిజమే. బాగైన కుక్కకు ఎవరూ రూపాయి ఇవ్వరు.

ఇచ్చేవాళ్ల సంగతి చెప్పాలి. ఇక్కడికి వచ్చే దాతలు చాలామంది తిండే తెస్తారు. చిల్కూరు దర్శనం చేసుకుని తిరిగి వస్తూ అరటిపళ్లు తెస్తారు. రిసార్టులో పెళ్లి చేసుకుని మిగిలిన పూరీలు తెస్తారు. పెద్దాయన సంవత్సరీకమైతే బెల్లం తెస్తారు. మందులకు ఇవ్వండి అంటే మాత్రం మొహం మారిపోతుంది. మూగజీవికి అన్నం పెడితే పుణ్యమని చిన్నప్పటి నుంచి విన్నారు. ఇంజెక్షన్ పొడిపిస్తే పుణ్యం వస్తుందో రాదో ఏ పంతులూ చెప్పలేదు. తెలియని దాంట్లో డబ్బులు పెట్టేందుకు వాళ్లేమన్నా పిచ్చివాళ్లా? వాళ్లు ప్లాట్లు కొన్నవాళ్లు.

ఒక ఆదివారం సిటీ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ముందు రోజు రిసార్టులో వాళ్ల పాపకు పుట్టినరోజు చేశారు. మిగిలిన బగారన్నం, గులాబ్ జామూన్లు, రుమాలీ రొట్టెలు కవర్లలో కట్టి కారు డిక్కీ నిండా తెచ్చారు. మేడం గేటు దగ్గర వాళ్లకు దండం పెట్టి, లోపలికి తీసుకొచ్చింది. వాళ్లు నెలనెలా ఇచ్చే దాతలు. కుక్కలకు గుడ్డ పరుపులు ఇచ్చినవాళ్లు. నేను గుండిగ దగ్గర ఉన్నాను. వాళ్లంతా నవ్వుకుంటూ కంచె మీది నుంచి బర్రెకు తినిపిస్తున్నారు. పాప చేతిలో కవరు, ఫోను తండ్రి చేతిలో. నేను పొయ్యి వదిలి వెళ్లేసరికి చాలా అయిపోయింది. మూతి ముడి వేసిన కవర్లు ముడి వేసినట్టే విసిరారు. బర్రెకు ముడి విప్పడం రాదు. అది లోపలి బగారన్నం వాసనకు కవరుతో సహా నమిలి మింగింది.

కవర్లు విప్పి వేయాలమ్మా అన్నాను. పాప తల్లి నన్ను చూసి నవ్వి, పాపతో చెప్పింది, చూశావా, ఆకలితో ఎలా తింటుందో.

మంగళవారానికి బర్రె నెమరు వేయడం మానేసింది. ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. పేడ వేయడం లేదు. పళ్లు కొరుకుతోంది. బర్రె పళ్లు కొరికితే కడుపులో భరించలేని నొప్పి ఉందని అర్థం. దాని నుదుటి మీద చెయ్యి పెడితే తల పక్కకు తిప్పుకుంది. అది ఎప్పుడూ అలా చేయలేదు.

డాక్టరును పిలిచారు. చేవెళ్ల, శంకర్‌పల్లి ఊళ్లలో పశువులు చూసుకుంటూ మోటారు సైకిలు మీద తిరిగే కుర్ర డాక్టరు. మాట కటువు. డొక్క మీద వేళ్లతో కొట్టి, చెవి పెట్టి విని, లేచి చేతులు కడుక్కున్నాడు.

"కోయాలె. డొక్క కోసి లోపల ఉన్నది తీయాలె. రేపు సందె లోపల కాకుంటే నన్ను పిలువకుండ్రి, జేసీబీని పిలువుండ్రి."

జేసీబీ ఎందుకో నాకు తెలుసు. చచ్చిన బర్రెను పూడ్చడానికి మనుషులు చేతుల్తో గుంత తవ్వలేరు.

ఖర్చు ఎంతవుతుందో మేడంతో చెప్పాడు. మందులు, సెలైన్లు, కుట్లు వేసే సామాను, సిటీ నుంచి సాయానికి వచ్చే మరో డాక్టరు. షెల్టరులో డబ్బు లేదు. ఆ నెల ఒక కుక్క కాలు తీయించారు, మందుల షాపులో అప్పటికే బాకీ ఉంది. డాక్టరు తన ఫీజు తర్వాత చూసుకుందామన్నాడు. మందుల షాపాయన మాత్రం తర్వాత చూడడు అని కూడా చెప్పాడు.

మేడం వెంటనే వీడియో తీసింది. బర్రె కళ్లు దగ్గరగా, ఉబ్బిన డొక్క దగ్గరగా. నన్ను బర్రె నుదురు నిమరమంది. నిమిరాను. వీడియో ఫోనులో పెట్టగానే ఎర్ర హృదయాలు వచ్చాయి. చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. ఏడ్చే బొమ్మలు వచ్చాయి. ఒకాయన బతికున్న బర్రె ఆత్మకు శాంతి కోరాడు. బొమ్మలు పంపినంత సులువుగా డబ్బులు పంపడం వాళ్లకు రాదేమో. ఇంకొకాయన ఫోన్ చేసి ఆవా, బర్రెనా అని అడిగాడు. బర్రె అంది మేడం. ఫోన్ కట్టయింది. సిగ్నల్ పోయిందేమో అంది మేడం. ఆమె ఎవరినీ తప్పు పట్టదు. డబ్బు ఇచ్చేవాళ్లను అసలే పట్టదు.

ఆ మధ్యాహ్నం నాకు ఒక సంగతి బాగా అర్థమైంది. ఆవుకు జబ్బు చేస్తే తల్లికి చేసినట్టు. కుక్కకు చేస్తే బిడ్డకు చేసినట్టు. బర్రెకు చేస్తే బర్రెకు చేసినట్టే. మన ఊళ్లలో పొద్దున తాగే చాయ్‌లో పాలు ఎవరివి? పెళ్లిళ్లలో పెరుగు ఎవరిది? తాగేటప్పుడు ఎవరూ ఆవా, బర్రెనా అని అడగరు.

షెల్టరుకు వచ్చిపోయే ఒక అమ్మాయి, తెల్లావు ఫోటో పెడదామని సలహా ఇచ్చింది. మేడంకు కోపం వచ్చింది. నేను అబద్ధం చెప్పను అంది. కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఫోను పట్టుకుని మూలకు పోయి కూచుంది. సాయంత్రానికి వీడియో మళ్లీ పెట్టింది, ఈసారి తెలుగు అక్షరాలతో. ఇక్కడివాళ్లు కూడా చదవాలని.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, పొదుపు సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గేసి నేర్చుకున్నాను. అందుకే ఏదీ గబగబా చదవను. ఒక్కో మాటా నోట్లో తిప్పి మింగుతాను. ఫోను కళ్లకు దూరంగా పట్టుకుని చదివాను. "పాలు ఇవ్వడం మానేసిందని కర్కశ యజమాని రోడ్డు మీద వదిలేసిన మూగ తల్లి. ప్లాస్టిక్ తిని బతికింది. ఈ రోజు చావుతో పోరాడుతోంది." కింద మా ఊరి పేరు.

కర్కశ అన్న మాట రెండుసార్లు చదివాను. యజమాని అన్న మాట ఒకసారే చదివాను. ఆ యజమాని ఎవరో నాకు తెలుసు. వీడియోలో నా చెయ్యి బర్రె నుదురు నిమురుతోంది. దాని మీద ఇంకో వరస అక్షరాలు వచ్చాయి, "షెల్టరులో దొరికిన అమ్మ ప్రేమ" అని. అక్షరాల్లో నేను కర్కశురాలిని, బొమ్మలో అమ్మ ప్రేమను. ఒకే వీడియోలో రెండు వేషాలు.

మేడం దగ్గరికి పోయాను.

"ఈ కర్కశ యజమాని ఎవరు మేడం?"

"అవ్వా, అది మీ గురించి కాదు. జనరల్‌గా రాశాను."

"ఊరు పేరు గూడ జనరల్‌గనే రాసిన్రా?"

ఊరు పేరు లేకపోతే ఫేక్ అనుకుంటారని చెప్పింది. నేను కదలకుండా నిలబడ్డాను. అప్పుడు తన పని కిటుకు మొత్తం విప్పి చెప్పింది.

"జాలి వేస్తే లైక్ కొడతారవ్వా. కోపం వస్తేనే డబ్బు పంపిస్తారు. స్టోరీలో ఒక విలన్ లేకపోతే బర్రెను ఎవరు చూస్తారు?"

"విలన్ ఉన్నడు గద. మొన్న డిక్కీ నిండ కవర్లు తెచ్చిన్రు, వాళ్ల పేరు రాయుండ్రి."

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. వాళ్లు డోనర్స్ అవ్వా అంది. ఆ మాట తర్వాత ఇక చర్చ లేదు. వాళ్ల పేరు రాస్తే వచ్చే నెల కుక్కలకు మందు గోళీలు ఉండవు. ఆ లెక్క నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మరి యజమాని పేరు రాస్తే ఎవరికీ నష్టం లేదు. యజమాని ఏనాడూ విరాళం ఇవ్వలేదు. రెండు పూటలా కుక్కలకు వండుతుంది, అంతే. చెప్పాలంటే, పాప పుట్టినరోజు చేసిన ఆ తల్లి కూడా వీడియో కింద ఏడ్చే బొమ్మ పెట్టింది. "ఇంత క్రూరమైన మనుషులుంటారా" అని రాసింది.

సిటీ వాళ్లు కోపం తెచ్చుకున్నారు. యజమానిని ఉరి తీయాలని కొందరు రాశారు. అంత కోపానికీ వచ్చిన డబ్బు సెలైన్లకు సరిపోతుంది, అంతవరకే. బర్రె రాత్రంతా పడుకోలేదు. పడుకుంటే ఊపిరి ఆడదు దానికి.

తెల్లారి పాలవాళ్లు తిరిగే వేళకు నా ఫోను మోగింది. మా ఊరి పటేలు. పొలాలు, ప్లాట్లు, ట్రాక్టర్లు ఉన్నవాడు. సర్పంచ్ ఎలక్షన్లు రేపో మాపో అనే మాట వినిపించిన నాటి నుంచి పిల్లికి కూడా చేతులు జోడిస్తున్నాడు. వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులో పడిందట.

"ఏందవ్వా, ఊరు పరువు తీస్తున్నవ్?"

"నేను తీయలే పటేలా. ఫోన్ల ఉన్నది."

"మీ మేడంకు చెప్పి తీసెయ్యమను."

"బర్రె బతికితే తీసేస్తరు. సస్తే ఇంకోటి పెడ్తరు. గది ఇంకా గోస గుంటది."

"బెదిరిస్తున్నవా?" అన్నాడు.

"ఉన్నది చెప్తున్న."

ఆ రోజు వాళ్ల బిడ్డ చీరల ఫంక్షన్ ఉందని, అయిపోయాక చూద్దామని అన్నాడు. ఫంక్షన్ అయ్యేసరికి నా బర్రె కూడా అయిపోతుంది. కుక్కలకు గుండిగ దించి, మేడంతో ఊరికి పోయి వస్తానని చెప్పి, మొయినాబాద్ అడ్డా మీద చేవెళ్ల ఆటో ఎక్కాను. డాక్టరును రమ్మనండి, సామాను తెమ్మనండి, డబ్బు నేను తెస్తాను అన్నాను. ఎక్కడి నుంచో నాకే తెలియదు. మేడం నన్ను చూసిన చూపు, నేను బేరగాడిని చూసిన చూపులా ఉంది.

పటేలు ఇంటి ముందు వీధి మొత్తం టెంటు వేశారు. ఊరంతా అక్కడే ఉంది. స్టేజీ మీద పిల్ల చీర కట్టుకుని చెమటలు కక్కుతోంది. టెంటు మూలన బల్ల, బల్ల మీద కట్నాలు రాసే పుస్తకం, పక్కన మైకు. మా వైపు ఫంక్షన్ కట్నం అంటే పెళ్లికొడుకు కట్నం కాదు, వచ్చినవాళ్లు ఇచ్చే కానుక. ఎవరు ఎంత రాయించారో మైకులో చదువుతారు. గుట్టుగా చేతిలో పెడితే అది కట్నమే కాదు. పేరు, ఇంటి పేరు, ఊరి పేరు గట్టిగా వినపడాలి. చాటుగా దానం చేయాలని చెప్పేవాళ్లు ఎప్పుడైనా మా ఊరొచ్చి చేసి చూడాలి. వాళ్లను ఎవరూ నమ్మరు.

వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే మైకాయన అడిగాడు, ఎంత రాయమంటవ్ అవ్వా అని. నేను మైకు అడిగాను. ఆయన నవ్వి ఇచ్చాడు, ముసలిది పాట పాడుతుందనుకున్నాడేమో.

"అందరికి దండం. నా బర్రె సావుబతుకుల ఉన్నది. మన ఊరోళ్లు కర్కశులని సిటీల రాసిన్రు, మీరంత చదివిన్రు. గిప్పుడు డాక్టర్ కత్తి పట్టుకొని కూసున్నడు, మందులకు పైసల్లేవు. ఊరు కర్కశమో కాదో మీరే చెప్పుండ్రి."

ముందు వరసలో మా వాడకట్టు ఆడమనిషి ఒకతి లేచింది. నాకు వదిన వరస.

"నువ్వే తీస్కపోయి ఇడిసిపెట్టి వస్తివి. ఊరునెందుకు అంటవ్ వదినా?"

"ఏడ మేపుదు వదినా? మేపే జాగల రాళ్లు పాతిరి. రాళ్లు పాతినోళ్లు ఈడనే కూసొని మటన్ తింటున్రు."

టెంటులో ఎముకలు కొరికే చప్పుడు ఆగింది. పటేలు స్టేజీ పక్కన చేతులు జోడించే ఉన్నాడు, విప్పడం మరచిపోయాడు. నేను చెప్పాల్సింది అయిపోయింది. మైకు బల్ల మీద పెట్టాను.

అప్పుడు లేచాడు పటేలు తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, దాయాది. అదే సర్పంచ్ కుర్చీ మీద కన్ను ఉన్నవాడు. నాలుగు అడుగుల్లో బల్ల దగ్గరికి వచ్చి జేబులో చెయ్యి పెట్టాడు. బర్రె మీద జాలితో వచ్చాడని నేను అనను. స్టేజీ మీదున్న అన్న మొహం ఒకసారి చూసుకుని మరీ ఇచ్చాడు. మైకాయనకు ఏం చదవాలో తెలియలేదు. చదివే అలవాటు మాత్రం ఉంది. గొంతు సవరించుకుని ఎప్పటి రాగంలోనే ఎత్తుకున్నాడు. ఫలానా ఇంటి పేరు, ఫలానా వారి కొడుకు, చిరంజీవి సౌభాగ్యవతి బర్రెకు చదివించిన కట్నం.

జనం ఒక్కసారిగా నవ్వారు. కానీ నవ్వుతో ఆగలేదు. పటేలు స్టేజీ దిగి వచ్చాడు. అతను తమ్ముడి కంటే తక్కువ రాయించగలడా? తమ్ముడు మళ్లీ వచ్చాడు. వాళ్లిద్దరూ అలా వస్తూ పోతూ ఉంటే వాళ్ల వెనక తిరిగేవాళ్లు ఊరుకుంటారా? వార్డు మెంబరు కావాలనుకునేవాళ్లు, ఎరువుల షాపువాళ్లు, ప్లాట్లు అమ్మేవాళ్లు, ఒక్కొక్కరు లేచారు. పేరు మైకులో వినపడగానే కాలరు సర్దుకుని పోయి కూచున్నారు. సిటీలో కోపం బొమ్మలుగా వచ్చింది, మా ఊళ్లో రోషం నోట్లుగా వచ్చింది. ఈ మధ్యలో బర్రె ఎవరికైనా గుర్తుందా అంటే చెప్పలేను. నాకు గుర్తుంది, చాలు.

ఆడవాళ్లు కూడా వచ్చారు. వాళ్లు చేసింది ఇప్పటికీ తలుచుకుంటాను. మా వదిన జాకెట్టు ముక్క పెట్టింది. బర్రెకు జాకెట్టు ముక్క. కట్నాల బల్ల దగ్గరికి వచ్చిన చెయ్యి అలవాటు కొద్దీ అదే తీసింది. ఇంకొకామె కొత్త స్టీలు బేసిన్ పెట్టింది, పిల్ల కోసం తెచ్చిందే, ఇటు తిప్పింది. మైకాయన అవీ చదివాడు. బర్రెకు బేసిన్ అని చదివినప్పుడు పటేలు భార్య స్టేజీ మీది నుంచి నన్ను చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. పొద్దున్నుంచి ఖర్చు పెట్టి టెంటు వేసింది వాళ్లు, మటన్ వండించింది వాళ్లు, కట్నాలేమో బర్రెకు పోతున్నాయి.

పటేలు తన కారే ఇచ్చి పంపాడు. మర్యాద కోసం కాదు. నన్ను అక్కడి నుంచి తొందరగా పంపేందుకు. వీడియో మాట మరువకు అవ్వా అని కిటికీలోంచి చెప్పాడు. ఒళ్లో డబ్బు మూట, బేసిన్, జాకెట్టు ముక్క పెట్టుకుని షెల్టరులో దిగాను. డాక్టరు బేసిన్ చూసి, ఇది ఎందుకని అడిగాడు. కట్నం అన్నాను. అతను మందులకు మనిషిని పరిగెత్తించాడు.

బర్రెను పడుకోబెట్టరు, నిలబెట్టే కోస్తారు. రెండు గుంజల మధ్య కట్టారు. డొక్క మీద బొచ్చు గీకి, మత్తు సూదులు వరసగా పొడిచారు. నేను తల దగ్గర నిలబడి ముక్కుతాడు పట్టుకున్నాను. దానికి ఏమేమో చెప్పాను, ఏం చెప్పానో రాయను. డాక్టరు భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. మొదట బగారన్నం ముద్దలు వచ్చాయి, పులిసిన వాసన. తర్వాత కవర్లు. ఒకటి ముడి ఊడలేదు. ముడి వేసింది ముడి వేసినట్టే బయటికి వచ్చింది, లోపల గులాబ్ జామూన్ గుండ్రంగా ఉంది. మేడం వీడియో తీస్తోంది. ఆ కవరు దగ్గర ఫోను దించేసింది.

డాక్టరు ఇంకా లోతుకు పోయాడు. ఈసారి వచ్చింది నల్లగా, తాడులా పేనుకుని ఉంది. కవర్లే, కానీ పాతవి.

"గవి మొన్నటివి. గివి ఏండ్ల నాటివి. మీ ఊరి చెత్తకుప్పవి అవ్వా."

నేను మేడంను చూశాను. మేడం నన్ను చూసింది. ఆమె డోనర్ల కవర్లు, మా ఊరి కవర్లు ఒకే బకెట్లో పడి ఉన్నాయి. కుట్లు వేసేసరికి పొద్దు గూకింది. బర్రె తల నా భుజం మీద పెట్టింది. దాని బరువుకు నా నడుము పట్టేసింది, అయినా జరగలేదు.

మూడో నాడు పొద్దున అది నెమరు వేసింది. దవడ ఒక పక్కకు, మళ్లీ ఒక పక్కకు. నేను గుండిగ కింద మంట మరచిపోయి చూస్తూ ఉండిపోయాను. ఆ రోజు కుక్కలు మాడిన నూకలు తిన్నాయి. అవీ ఏమీ అనలేదు.

పటేలుకు నేను చెప్పిన మాటను మేడం నిలబెట్టింది. పాత వీడియో తీసేసి కొత్తది పెట్టింది. అందులో కర్కశ యజమాని లేదు. "ఒక ఊరంతా కదిలి వచ్చింది" అని ఉంది. ఎందుకు కదిలిందో లేదు. సరే అనుకున్నాను. ఆమె పనికి ఆమె అబద్ధాలు ఆమెకు ఉంటాయి.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఊరు కదిలిందని రాశాక ఊరు కదలకుండా ఉంటుందా? కట్నం చదివించినవాళ్లకు బర్రె మీద హక్కు వచ్చేసింది. ఆదివారం నాడు ఆటోలు కట్టుకుని చూడటానికి వచ్చారు. దవాఖానలో ఉన్నవాళ్లను చూడటానికి ఒట్టి చేతులతో ఎవరైనా పోతారా? బ్రెడ్డు తెచ్చారు. ఆపిల్ పళ్లు తెచ్చారు. మా వదిన హార్లిక్సు సీసా తెచ్చింది, పాలల్లో కలిపి తాపమని. బర్రెకు పాలు. అన్నీ కవర్లలో. ముడి వేసిన కవర్లలో.

డాక్టరు పది రోజులు పచ్చగడ్డి కొంచెం కొంచెం తప్ప ఇంకేదీ పెట్టవద్దన్నాడు. కుట్లు తెగితే మళ్లీ కోయడానికి బర్రెలో ఏమీ మిగలదన్నాడు. నేను కట్టె పట్టుకుని గేటు దగ్గర కూచున్నాను. వచ్చిన ప్రతివాళ్ల చేతిలో కవరు గుంజుకున్నాను. మేడం వెనక నుంచి వచ్చి నెమ్మదిగా చెప్పింది, వీళ్లూ డోనర్సే అవ్వా, కొంచెం మర్యాదగా. ఆమె మొహంలో చిన్న నవ్వు ఉంది. ఆ నవ్వు నేను సంపాదించుకున్నదే.

మధ్యాహ్నం పటేలు వచ్చాడు. తెల్ల చొక్కా, వెనక పదిమంది, ఫోటోలు తీసే మనిషి. చేతిలో అరటిపళ్ల గెల, పెద్ద నల్ల కవరులో. గెలలో ఒక్కో పండు బర్రె నోట్లో పెడుతూ ఫోటో దిగాలి, అదీ ఏర్పాటు. నేను కట్టె అడ్డం పెట్టాను.

"అవ్వా, నా పైసలతోని బతికిన బర్రె అది."

"బతికింది గదా పటేలా. గిప్పుడు నీ పండ్లతోని సావొద్దు."

వెనకవాళ్లలో ఎవరో నవ్వాపుకున్నారు. పటేలుకు వినబడింది. ఎలక్షన్ల ముందు ముసలిదాన్ని తోసుకుని పోతే ఆ ఫోటో కూడా ఎవడో తీస్తాడని అతనికి తెలుసు. అటూ ఇటూ చూశాడు. చెట్టు కింద తెల్లావు నిలబడి ఉంది. దాని ఆరోగ్యానికి ఏ ఢోకా లేదు. అటు పోయాడు. నేను వెనకే పోయి కవరు గుంజుకుని పళ్లు మాత్రం చేతికిచ్చాను. ఆవు తిన్నది. ఫోటోలు తీశారు. పటేలు ఆవు మెడ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

వారం తిరగకుండా మొయినాబాద్ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. ఒకటి చేవెళ్ల బస్టాండు దగ్గర, ఒకటి మా ఊరి కమాను దగ్గర. చౌరస్తాలో నిలబడి చదివాను. నిదానంగా చదివితే అన్నీ దొరుకుతాయి. "మూగజీవాల పాలిట దేవుడు." పక్కన తెల్లావు. ఆవు కొమ్ముల మధ్య పటేలు పేరు. ప్రాణాపాయంలో ఉన్న గోమాతకు శస్త్రచికిత్స చేయించి కాపాడిన వారికి శుభాకాంక్షలు, ఇట్లు మిత్రబృందం. బర్రె ఊసు ఎక్కడా లేదు. ఫ్లెక్సీ షాపువాడిని అడిగితే చెప్పాడు, బర్రె బొమ్మ వేద్దామని ఎవరో అంటే, ఎలక్షన్ల ముందు యముడి వాహనం ఎందుకని పటేలే వద్దన్నాడట.

ఆ ఆవుకు జన్మలో ఒక్క సూది పడలేదు.

వానాకాలం వచ్చింది. బర్రె కొట్టం రేకు చిల్లుపడి, సరిగ్గా కుట్లు మానిన డొక్క మీదే ధార కారుతోంది. కొత్త రేకుకు విరాళం అడుగుదామంది మేడం. వీడియో ఎలా తీయాలా అని ఆలోచనలో పడింది. నేను చౌరస్తాకు పోయాను. గాలికి ఫ్లెక్సీ ఒక పక్క ఊడి వేలాడుతోంది. మిగతా తాళ్లు కోసి, చుట్టి, నెత్తిన పెట్టుకుని వచ్చాను. ఎవరూ ఆపలేదు, పాతబడిన దేవుడిని ఎవరు ఆపుతారు? రేకు మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. బొమ్మ లోపలి వైపు ఉండేలా పరిచాను.

ఇప్పుడు వాన కారడం లేదు. పేడ తీస్తూ తల ఎత్తితే రేకు చిల్లులోంచి పటేలు మొహంలో ఒక కన్ను, ఆవు చెవి కనబడతాయి. కింద బర్రె నిలబడి ఉంటుంది, కట్నంగా వచ్చిన స్టీలు బేసిన్‌లో నీళ్లు తాగుతూ. జాకెట్టు ముక్క నేనే కుట్టించుకున్నాను.